సింకు దగ్గర నిలబడి చూసిన సైన్సు

ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై మూడేళ్లు అటెండరుగా చేసి దిగిపోయాను. మేడ్చల్ చుట్టుపక్కల కాలేజీలు చాలా ఉన్నాయి. మాది ఏదో చెప్పను. చెబితే అది ఒక్కటే ఇట్లాంటిదని మిగతావాళ్లు సంబరపడతారు.

నేను చెబుతుంటే నా జాగాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి రాస్తోంది. ఆమె బీఎస్సీ చదివింది. టెస్ట్ ట్యూబులు కడిగే కొలువుకు ఇప్పుడు బీఎస్సీ చదివినవాళ్లు వస్తున్నారు. దీన్ని అభివృద్ధి అంటారట. నా మాటలను ఆమె పుస్తకం భాషలోకి సర్దింది, తిట్లు తీసేసింది. మిగిలింది నాదే.

సైన్సు కోర్సులో చేరే పిల్లలకు మొదటి రోజు ప్రిన్సిపాల్ మాట్లాడతాడు, సార్లు మాట్లాడతారు, దండ వేయించుకున్న పెద్దమనిషి ఒకాయన మాట్లాడతాడు. సింకు దగ్గర నిలబడ్డ మనిషిని ఎవరూ అడగరు. అడగలేదు కాబట్టే చెబుతున్నాను.

పని ఏమిటంటే

పొద్దున్నే వెళ్లి గ్యాసు చూసుకోవాలి. యాసిడ్ సీసాలు నింపాలి. పిల్లలు వచ్చాక ఎవరు ఏది పగలగొట్టారో చూడాలి, వాళ్లు పోయాక ట్యూబులు కడగాలి. ముప్పై మంది బ్యాచికి మూడు వందలకు పైగా ట్యూబులు. సార్లు దీన్ని సైన్సు అంటారు. నా వైపు నుంచి చూస్తే అంట్లు.

మొదటి పాఠం చీర నేర్పింది. యాసిడ్ చుక్క మీద పడితే ఆ రోజు ఏమీ తెలియదు. ఇంటికి పోయి చీర ఉతికి ఆరేస్తే జల్లెడలా అవతలి ఇల్లు కనబడుతుంది. చేరిన ఏడు నాకున్న నాలుగు చీరల్లో మూడు జల్లెడలయ్యాయి. తరవాత మా ఆయన ఖాకీ కోటు తొడుక్కోవడం మొదలుపెట్టాను.

మా ఆయన అదే ల్యాబులో అటెండరు. హైవే దాటుతూ లారీ కింద పడి పోయాడు. ఇద్దరు పిల్లలు. కాలేజీ వాళ్లు దయతలిచి ఆ కొలువు నాకిస్తామన్నారు. కమిటీ ముందు నిలబెట్టి ఒక్కటే అడిగారు, చదవడం వచ్చా అని. నేను అత్వెల్లి బడిలో రెండో తరగతి దాకా వెళ్లాను. అంకెలు వచ్చు, సంతకం గీయడం వచ్చు. నేను నోరు తెరిచేలోగా కెమిస్ట్రీ హెడ్డు నర్సింహాచారి సారు అందుకున్నాడు.

"వస్తది. మంచిగ వస్తది."

ఆయన మంచి మనిషి. నా పిల్లల నోట్లోకి అన్నం పోయింది ఆ అబద్ధం వల్లనే. ఆ తరవాత నెల రోజులు సాయంత్రాలు కూర్చోబెట్టి సీసాలు నేర్పాడు, అక్షరాలతో కాదు, జాగాతో. పైనుంచి రెండో అర, ఎడమ నుంచి నాలుగోది బేరియం. దాని కింద మూల మీద స్ట్రాన్షియం. రెండు వందల పైచిలుకు సీసాలు నా తలకాయలోకి బీరువాతో సహా ఎక్కాయి. క్లాసు నడుస్తుండగా సారు ఫలానా ఉప్పు అనగానే చూడకుండా చేయి చాపి అందించేదాన్ని. ఈమెకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చో అని పిల్లలు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను. ఆ గౌరవం తియ్యగా ఉండేది.

వాళ్లు ప్రయోగం చేసే విధానం

సైన్సు పిల్లలు ప్రయోగానికి ముందే ఫలితం రాసుకుంటారు. రికార్డు పుస్తకం పై ఏడాది పిల్లల నుంచి వస్తుంది, వాళ్లకు అంతకు ముందు వాళ్ల నుంచి వచ్చి ఉంటుంది. ఒక టైట్రేషన్ ఉండేది. బ్యూరెట్ లోంచి ఎన్ని మిల్లీలీటర్లు దిగితే రంగు మారుతుందో చూడాలి. మా కాలేజీలో అది ఏటా తొమ్మిది పాయింట్ ఎనిమిదే. ఆ ద్రావణం కలిపేది నేను. ఒకనాడు నీళ్లు ఎక్కువ పడేవి, ఒకనాడు మందు ఎక్కువ పడేది. నేను ఎట్లా కలిపినా వాళ్లకు తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చేది. అంత నిలకడ నేను ఇంకెక్కడా చూడలేదు.

రంగు మారడమంటే ఒక్క చుక్కతో లేత గులాబీ రావాలి. ఆ ఒక్క చుక్క కోసమే ఆ గంట. వాళ్లు చుడువా తింటూ కొళాయి వదిలేసేవాళ్లు, అది రోజా శర్బత్ అయ్యేది. అయినా రాసేది తొమ్మిది పాయింట్ ఎనిమిది.

మహేందర్ అని ఒక పిల్లవాడు ఉండేవాడు, మా అత్వెల్లి వాడే. రోడ్డు పక్క వాళ్ల చేను ప్లాట్లయ్యాక కొత్త బండి మీద కాలేజీకి వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. నన్ను అక్కా అని నోరారా పిలిచేవాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా బర్నర్ వెలిగించలేదు. ఎందుకు బిడ్డా సైన్సు తీసుకున్నావు అని అడిగితే, వాళ్ల నాయిన రాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతాడనీ, ఇంట్లో ఒకడైనా సైన్సు చదివితే పెళ్లి పత్రిక మీద బాగుంటుందనీ చెప్పాడు. వాళ్ల నాయిన మా కాలేజీకి ఫ్యాన్లు ఇచ్చాడు. రెక్కల మీద ఆయన పేరుంటుందట. ఫ్యాను తిరుగుతున్నంతసేపు కనబడదు.

చదివే పిల్లలకు చెప్పాల్సిన నాలుగు మాటలు ఇక్కడే చెప్పేస్తాను, చివరిదాకా ఉండరని తెలుసు. ల్యాబుకు పావుగంట ముందు రండి, అప్పుడు గ్యాసు బాగా వస్తుంది, అటెండరు కూడా మర్యాదగా మాట్లాడుతుంది. గాజు పగిలితే పగిలిందని చెప్పండి. సింకు గొట్టంలో దాచిన ముక్కలు నా వేళ్లకు దొరికేవి. సారు ఖాళీగా కూర్చున్నప్పుడు పోయి అడగండి. ఆయన విసుక్కుంటాడు, కానీ ఎవరూ అడగక ఆయన కూడా సగం మరిచిపోయి ఉంటాడు, మీ వల్ల మళ్లీ పుస్తకం తీస్తాడు. మీ లెక్క తప్పొస్తే తప్పే రాయండి. ఈ చివరి మాట మిగతా మూడింటి కంటే కష్టం. అందుకే దాని సంగతి వేరేగా చెబుతున్నాను.

ఉప్పు చెప్పే ఆచారం

రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరికి ఒక కాగితం పొట్లం ఇస్తారు. లోపల ఏదో ఒక ఉప్పు. మూడు గంటలు రకరకాల పరీక్షలు చేసి అది ఏమిటో కనిపెట్టాలి. సైన్సు అంటే అదేనని సారు అనేవాడు, తెలియనిదాన్ని తెలుసుకోవడం. మా దగ్గర తెలుసుకునే పద్ధతి వేరు. పొట్లాలు కట్టేది అటెండరు కదా, అటెండరును అడిగితే సరి.

మా ఆయన నుంచి నాకు మూడు వచ్చాయి. కొలువు, ఖాకీ కోటు, ఉప్పు చెప్పడం. పరీక్షల కాలమంటే మా వైపు ద్రాక్ష కోతల కాలం. శామీర్‌పేట దాకా ద్రాక్ష తోటలే ఉండేవి అప్పుడు. ఆ నెలంతా మా ఇంట్లో ద్రాక్ష, మామిడికాయలు, మల్లెపూలు. మల్లెపూలు నేనేం చేసుకుంటానని కూడా ఆలోచించేవాళ్లు కాదు. పక్కింటివాళ్లకు ఇచ్చేదాన్ని. పరీక్ష రోజు నీళ్ల సీసా పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, నీళ్లు పోసినట్టు పోసి, ఉప్పు పేరు చెవిలో వేసేదాన్ని.

సారుకు తెలుసు. బయటి నుంచి వచ్చే పరీక్షకుడికీ తెలుసు. ఇంత మంది పెద్దలకు తెలిసి ఊరుకుంటున్నది తప్పెట్లా అవుతుందని నేను అనుకునేదాన్ని. పిల్లలు పాసవుతున్నారు, పుణ్యమే వస్తుందనుకున్నాను. రెండో తరగతి చదివిన ఆడదాన్ని డిగ్రీ పిల్లలు సైన్సు అడుగుతున్నారంటే అది ఎవరికి సిగ్గో అప్పుడు తట్టలేదు.

గౌడవెల్లి పిల్ల

స్వరూప గౌడవెల్లి నుంచి వచ్చేది. వాళ్ల నాయిన పోచయ్య ఒకరి ద్రాక్ష తోటలో పని చేసేవాడు. పెద్దకొడుకు ఇంటర్ రెండుసార్లు తప్పి ఫ్యాక్టరీలో చేరాడు. దానితో ఆయన ఓపిక అయిపోయింది. కూతురికి ఒకటే మాట చెప్పాడు, ఒక్కటి తప్పినా చదువు బంద్, అన్నతో పాటు ప్యాకింగ్ పనికి పో అని. ఆ మాట ఆమె చెప్పగా నాకు తెలిసింది, ల్యాబు తాళం వేయడానికి ఎదురుచూస్తున్నప్పుడు.

నాకు ఆమె మీద ప్రేమ ఉండేదని అనుకోకండి. అందరూ పోయాక కూడా ఆమె మిగిలేది. ప్రతిదీ రెండుసార్లు చేసేది. తొమ్మిది పాయింట్ ఎనిమిది రాని ఏకైక మనిషి ఆమె. తొమ్మిదిన్నర వచ్చిందని ఒకసారి, పది దాటిందని ఒకసారి దిగాలుగా కూర్చునేది. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కువ తక్కువలు చేసింది నేను. తన ట్యూబులు తనే కడిగేది, అది ఒక్కటే నాకు నచ్చేది. బస్సు తప్పిపోతుందని నేను సణుగుతుంటే, అయిపాయెనమ్మా అయిపాయెనమ్మా అంటూ ఇంకో పావుగంట తీసుకునేది.

అరలు మారిన సంగతి

ఆ ఏడు కాలేజీ తనిఖీకి పెద్దలు వస్తున్నారని తెలిసింది. కొత్తగా చేరిన శ్రీలత మేడం చాలా చురుకైనది. మా చెల్లెలి బిడ్డ పెళ్లికని నేను రెండు రోజులు సెలవు పెడితే, ఆ రెండు రోజుల్లో ఆమె సీసాలన్నీ దించి, తుడిచి, ఏబీసీడీల వరుసలో పేర్చేసింది.

నేను వచ్చి చూసేసరికి సొంత ఇంట్లో దారి తప్పినట్టయింది. ఇప్పుడు ఎవరైనా వెతుక్కోవచ్చు, బాగుంది కదా అని మేడం అడిగింది.

"మస్తుగుంది మేడం," అన్నాను.

అప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు. కానీ పదకొండేళ్లుగా చదువు వచ్చిన మనిషిగా నడుస్తున్నదాన్ని. ఎట్లా అడుగుతాను? దొంగతనంగా మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. రంగు ఉప్పులతో పేచీ లేదు. నీలంది, పచ్చది, నారింజది, ఎక్కడ పెట్టినా పిలుస్తాయి. తెల్ల ఉప్పులే పరేషాన్ చేశాయి. అవి మాలాంటి విధవల వంటివి, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే.

అందుకని పిల్లలతో అందించుకునేదాన్ని. కండ్లద్దాలు తెచ్చుకోలేదు, ఫలానాది అందుకో బిడ్డా అనేదాన్ని. వాళ్లు ఎక్కడ చేయి పెడితే అక్కడ గుర్తుపెట్టుకునేదాన్ని. అట్లా చాలా సీసాలు దొరికాయి. బేరియం ఎక్కడుందో మాత్రం మహేందర్ చెప్పాడు. స్టూలు మీంచి లేవకుండా వేలు చూపించాడు.

"గదే అక్కా, కింది అరల మొదటిది."

సైన్సు చదివే పిల్లవాడు చెప్పాడు కదా అని నమ్మాను. వాడు చదవలేదని, కనబడ్డ తెల్ల సీసాకు వేలు చూపించాడని నాకెట్లా తెలుస్తుంది?

పరీక్ష

పరీక్షనాడు సారు ఎప్పటిలా వరుస చెప్పాడు. తొమ్మిదో నంబరు నుంచి పదహారు దాకా ఎనిమిది మందికి బేరియం. కింది అర మొదటి సీసా తీసి ఎనిమిది పొట్లాలు కట్టి నంబర్లు వేశాను. శ్రీలత మేడం ఆ రోజు వేరే కాలేజీలో డ్యూటీ.

నీళ్ల సీసా పట్టుకుని తిరిగాను. మహేందర్‌తో సహా ఏడుగురు చెవి ఒగ్గి విన్నారు, తలకాయ ఊపారు, రాసుకున్నారు. బేరియం అని తెలిస్తే మిగతాదంతా రికార్డులో ఉంది, మంట లేత ఆకుపచ్చగా వస్తుందని. స్వరూప దగ్గరికి వెళితే వద్దంది, తను చేసుకుంటానంది. సరేనని వచ్చేశాను.

గంట తరవాత ఆమె చేయి ఎత్తింది, నీళ్లు కావాలన్నట్టు.

"అమ్మా, అందరికి బేరియమేనా?"

"నీ వరుసల అందరికి గదే."

"మంట ఎర్రగొస్తాంది. మూడు సార్లు జూసిన."

"ముప్పై సార్లు జూడు. బేరియం రాయి. ఒక్కటి పోతె మీ నాయిన ఏమంటడో యాదికున్నదా?"

"యాదికున్నది. ఎర్రగ కనవడ్డదాన్ని పచ్చగున్నదని ఎట్ల రాస్త?"

"ఏడుగురు రాసిన్రు గద."

ఆమె నాలుగోసారి మంట పెట్టింది. తరవాత స్ట్రాన్షియం అని రాసిందట.

పరీక్షకుడు పట్నం నుంచి వచ్చినాయన. చేతిలో జాబితా ఉంది, అందులో బేరియం ఉంది. స్వరూప కాగితం చూసి, పక్కన ఏడుగురికి వచ్చింది నీకెందుకు రాలేదని అడిగాడు. వాళ్లకేమొచ్చిందో తనకు తెలియదు, తనకు ఎర్రగొచ్చిందని ఆమె చెప్పింది. మెల్లగానే చెప్పింది. ఆయనకు పొగరుగా వినబడింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి ఇక పొమ్మన్నాడు.

నేను స్టోరు గదిలోకి పోయి ఆ సీసా తీశాను. గాజు పుల్ల యాసిడ్‌లో ముంచి, ఉప్పులో అద్ది, మంటలో పెట్టాను. కుంకుమ పోసినట్టు ఎర్రగా లేచింది. పదకొండేళ్లుగా చూస్తున్నాను, అక్షరాలు రాకపోయినా ఆ మంట ఎవరిదో నాకు తెలుసు.

సారును పక్కకు పిలిచి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"ఊకో బాలమణీ. నీకు సదువు రాదని తెలిస్తె నువ్వు పోతవ్. వస్తదని చెప్పినందుకు నేను పోత. గా పిల్లకేంది, మల్ల రాస్తది."

"రాయది సార్. వాళ్ల నాయిన రానియ్యడు."

"గది వాళ్లింటి సంగతి."

నేను ధైర్యవంతురాలిని కాను. సారు చెప్పింది సబబుగానే తోచింది. నా పిల్లలిద్దరు, ఆయన పరువు, ఒకవైపు. మరోవైపు ఊరివాళ్ల పిల్ల. స్టూలు మీద కూర్చుండిపోయాను. అప్పుడు సింకు దగ్గర నీళ్ల చప్పుడైంది. పరీక్ష రోజు ట్యూబులు ఎవరూ కడగరు, అట్లాగే వదిలేసి పోతారు. చూస్తే స్వరూప. అప్పుడే పరీక్ష పోగొట్టుకున్న పిల్ల తన పన్నెండు ట్యూబులూ బ్రష్షు పెట్టి కడిగి, స్టాండులో బోర్లిస్తోంది. ఏడవడం లేదు. చివరి దాన్ని వెలుతురుకు పట్టి, మరక పోయిందో లేదో కూడా చూసింది.

ఆ మరక చూడటమే నన్ను లేపింది. అంతకు మించి కారణం అడిగితే నా దగ్గర లేదు.

బిర్యానీ పక్కన బర్నర్

ప్రాక్టికల్ పరీక్షలో అన్నిటికంటే శ్రద్ధగా జరిగే ప్రయోగం పరీక్షకుడి భోజనం. మేడ్చల్ నుంచి బిర్యానీ వచ్చింది, లోపలి గదిలో ల్యాబు బల్ల మీదే పెట్టారు. సారు దగ్గరుండి వడ్డిస్తున్నాడు. నేను సీసా, గాజు పుల్ల, యాసిడ్ పట్టుకుని లోపలికి పోయి, ఆయన పళ్లెం పక్కనున్న బర్నర్ వెలిగించాను. ఎవరూ ఏమీ అనేలోగా మంట ఎర్రబడింది.

ఏం చూపిస్తున్నావమ్మా అని పరీక్షకుడు అడిగాడు.

"మీ బేరియం సార్."

ఆయన చేయి తుడుచుకుని సీసా అందుకున్నాడు. దాని మీద కాగితం చదివాడు.

"స్ట్రాన్షియం అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది కదా. పొట్లాలు కట్టేటప్పుడు చూసుకోలేదా?"

"చూసిన సార్. సదవరాదు."

పదకొండేళ్లలో ఆ మాట మొదటిసారి పైకి అన్నాను. సారు చేతిలో రైతా గరిటె ఆగిపోయింది. పరీక్షకుడు ఆయన వైపు చూశాడు, సారు బిర్యానీ వైపు చూశాడు. పరీక్షకుడు ఆ ఎనిమిది కాగితాలూ తెప్పించుకున్నాడు. ఏడింటిలో మంట లేత ఆకుపచ్చగా వచ్చిందని ఉంది. ఏడింటిలో మాటలు కూడా ఒకటే. మహేందర్‌ను పిలిపించి, బర్నర్ మళ్లీ వెలిగించి, ఇది ఏ రంగు అని అడిగాడు.

"ఎరుపు సార్."

"మరి పచ్చ అని రాశావు."

"ఇందాక పచ్చగనే ఉండె సార్."

పరీక్షకుడు నవ్వాడు. నవ్వాడంటే ఇక పెద్ద ప్రమాదం లేదని సారుకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. ఏడుగురిని తప్పిస్తే కాలేజీ పేరు పోతుంది, ఫ్యాన్లిచ్చిన పెద్దమనిషి ఊరుకోడు. ఒక్కపిల్లను తప్పిస్తే సీసా సాక్ష్యం ఉంది, చూసిన అటెండరు నోరు ఉంది. చేతులు కడుక్కుని, వక్కపొడి వేసుకున్నాక తీర్పు వచ్చింది. జాబితా ప్రకారం ఏడుగురూ సరి. సీసా ప్రకారం ఈ అమ్మాయి సరి. ఎనిమిది మందికీ ఒకే మార్కులు. ఆమెకు ఎక్కువ వేస్తే ఎందుకని పైవాళ్లు అడుగుతారట.

ఆ ఒక్కరోజు మా ల్యాబులో ఒకే సీసా రెండు ఉప్పులైంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. కనిపెట్టింది ఇద్దరు పెద్ద సార్లు.

నా కొలువు పోలేదు. ఆ జీతానికి ఆ పని చేసేవాళ్లు దొరకరని కమిటీ తేల్చింది. సారు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. అబద్ధంతో నన్ను బతికించినాయన. దాన్ని నడిపించుకోవడానికి ఒక పిల్లను ఖర్చు పెట్టబోయాడు, అంతే. కొత్తగా కొలువులో చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మీకు మేలు చేసినవాళ్లు చెప్పేదంతా మేలు కాదు. శ్రీలత మేడం సీసాలను పాత జాగాల్లోకి మారుస్తానంది. వద్దన్నాను. అక్షరాలే నేర్పించమన్నాను. ఏడాది పట్టింది. ఉప్పు చెప్పడం మానేశాను. మరుసటి ఏడు నుంచి మా ఇంటికి ద్రాక్ష రాలేదు. పాసయ్యే పిల్లలు తగ్గారని సార్లు బాధపడ్డారు.

గేటు దగ్గర

ఆ సాయంత్రం సంగతి మిగిలింది. స్వరూపకు మార్కుల సంగతి నేనే చెప్పాను. వినగానే, తనక్కూడా అంతేనా అని అడిగింది. అంతే బిడ్డా అన్నాను. నా ముఖం చూడకుండా సంచి భుజానికి తగిలించుకుంది.

ఇద్దరం గేటు దాకా వచ్చాం. పోచయ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తోట పని వదిలేసి వచ్చాడు. అప్పటికే మహేందర్ బ్యాచంతా కేకలేస్తూ బయటికి పోయింది, అందరూ గట్టెక్కారని ఆయన చెవిన పడింది. కూతురిని అడగలేదు. నన్ను అడిగాడు.

"అక్కా, మా పోరి పాసయినట్టేనా?"

"పాసే."

"అందరు పాసేనంట గద. గంత అల్కటిదా గీ సదువు?"

స్వరూప నా వైపు చూసింది. మంట సంగతి, సీసా సంగతి, నాలుగుసార్లు పెట్టి చూసిన సంగతి అక్కడ నిలబడి చెప్పొచ్చు. చెబితే ఆయనకు అర్థమయ్యేది ఒక్కటే, తన బిడ్డ ఇవాళ తప్పబోయిందని.

"మస్తు అల్కటిది అన్నా," అన్నాను. "అందరు పాసయితాన్రు. గిసొంటిదానికి నడుమల బంద్ వెట్టుడెందుకు, ఇంకో ఏడు పంపు."

ఆ లెక్క ఆయనకు నచ్చింది. కూతురిని వెనక ఎక్కించుకుని గౌడవెల్లి వైపు సైకిలు తొక్కాడు. జూన్‌లో ఆ పిల్ల మూడో సంవత్సరంలో కూర్చుంది.